జాలరుల వస్తుప్రదర్శనశాలలు: ఊరివారే నెలకొల్పిన విధము

వస్తుప్రదర్శనశాల యనగానే మనకు రాజుల కత్తులు, నాణెములు, భిన్నములైన విగ్రహములు స్ఫురించును. చెన్నపురి ఎగుంబూరులోని ప్రదర్శనశాలను, హైదరాబాదులోని సాలార్జంగు సంగ్రహమును చూచినవారికి ఈ భావము కలుగుట సహజము. ధనికులు కూర్చినవి, ప్రభుత్వములు పోషించునవి యగు అట్టి శాలలలో చేపలవలకు, తెడ్డునకు, ఉప్పుచేపల గంపకు చోటు దొరకుట అరుదు. వల చిరిగినచో పారవేయుదురు. పడవ పాడైనచో వంటచెరకగును. అయినను గడచిన డెబ్బది యేండ్లలో కొన్ని దేశముల తీరగ్రామములందు ఊరివారు తమంతట తాము గూడి, జాలరివృత్తికే ప్రత్యేకముగా ప్రదర్శనశాలలు నెలకొల్పుకొనిరి. వారు దేనితో మొదలిడిరి, ఏమి కూర్చిరి, ఎట్లు నిలిపిరి అను సంగతులను ఈ వ్యాసమున వివరింపదలచితిని. గంజాము తీరమున తెలుగు బోధించువాడనగుటచే ఇది నాకు పరదేశపు ముచ్చటగా మాత్రము తోచలేదు. ఏల తోచలేదో చదువరులు ముందు గ్రహింపగలరు.

మొదట ఇంగ్లండు దక్షిణతీరముననున్న హేస్టింగ్సు పట్టణమును తీసికొందము. క్రీ.శ. 1066 నాటి యుద్ధమువలన ఈ పేరు మన విద్యార్థులకు పరిచితమే. (ఆ యుద్ధము పట్టణమున జరుగలేదు. లోపలికి కొన్ని మైళ్ళ దూరమున, నేడు బాటిల్ అని పిలువబడు ఊరికడ జరిగినది. మన పాఠ్యపుస్తకములు ఈ మాట సాధారణముగా చెప్పవు.) ఆ పట్టణమునకు సహజమైన రేవు లేదు. 1896 లో రేవు కట్టబూనిరి గాని ఆ పని నడుమనే ఆగిపోయినది. కావున అచ్చటి జాలరులు తరతరములుగా పడవలను గులకరాళ్ళ ఒడ్డుమీదికి లాగి నిలుపుకొనుచున్నారు. పూర్వము గానుగకు ఎద్దును కట్టినట్లు గుఱ్ఱమును కట్టి, నిలువుదూలమునకు మోకు చుట్టించి, పడవను పైకి లాగెడివారు. నేడు ఆ పనిని యంత్రములు చేయుచున్నవి. ఆ ఒడ్డును వారు 'స్టేడ్' అందురు. పడవలు దిగుచోటు అని ఆ ప్రాచీనపదమునకు అర్థము. రేవులేని ఒడ్డున పడవ దింపుట, ఎక్కించుట అనునవి గోపాలపురములోను పూరీలోను ఉన్న మనవారికి నిత్యకృత్యములే గదా!

ఆ ఒడ్డున తారు పూసిన నల్లని కొయ్యగదులు వరుసగా నిలిచియుండును. అడుగున ఎనిమిది తొమ్మిది అడుగుల చదరమే గాని, ఎత్తున అవి మేడలవలె కనబడును. చోటు చాలక పైకి కట్టుకొనిరి. చూడవచ్చినవారు వీనిని వలలారవేయు గదులని తలంచుట పరిపాటి. నిజమునకు అవి వలలు, మోకులు దాచుకొను కొట్లు. నూలుతోను జనపనారతోను అల్లిన వలను తడితో చుట్టిపెట్టినచో కుళ్ళిపోవును. అందుచే వలను ఆరుబయట ఎండనిచ్చి, పిదప కొట్టునకు చేర్చెడివారు. కుళ్ళకుండుటకు మఱియొక ఉపాయము గూడ బ్రిటను జాలరులు ఎఱుగుదురు. అది వలలను, తెరచాపలను కాచు కరగించిన వేడినీట నానవేయుట. ఈ కాచు మన చండ్రచెట్టు చేవనుండి తీయునది, మనము తాంబూలములో వేసికొనునది. భారతదేశమునుండియు బర్మానుండియు ఓడలమీద పోయి, ఆ చలిదేశపు తెరచాపలకు ఎఱ్ఱవన్నె నిచ్చినది! 1950, 60 ప్రాంతములలో నైలాను వలలు వ్యాపించిన పిమ్మట కాచుతో పని లేకపోయినది. కాచు కాచెడి కాగులు మూలబడినవి, వలలు ఆరవేయు స్థలములు ఖాళీ యైనవి, కొట్ల అవసరము తగ్గినది. ఒక్క దారము మారుటచే ఇన్ని వస్తువులును, వానితోపాటు వాని పేర్లును ఒక్క తరములో మరుగునపడుట గమనింపదగిన విషయము.

ఆ ఒడ్డుననే 1854 లో జాలరులకొఱకు కట్టబడిన సెయింట్ నికొలస్ ప్రార్థనామందిరము కలదు. రెండవ ప్రపంచయుద్ధకాలమున సైన్యమువారు దానిని సామానుల కొట్టుగా వాడుకొనిరి. యుద్ధము ముగిసిన పిదప అందు మునుపటివలె ఆరాధనలు సాగలేదు. ఆ కాలమున ఊరి ప్రాచీనభాగమును కాపాడుకొనవలెనని కొందరు పౌరులు ఓల్డ్ హేస్టింగ్స్ పరిరక్షణసంఘము అను పేర ఏకమైరి. వాడుకలేని మందిరమును జాలరుల ప్రదర్శనశాలగా మార్చినది ఈ సంఘమే. వారికి ధనబలము తక్కువ. రాతికట్టడము మాత్రము సిద్ధముగా నుండెను. ఇక అందు ఏమి పెట్టవలెను?

వారు చిల్లర సామానుతో ఆరంభింపక, 'ఎంటర్‌ప్రైజ్' అను పడవతో ఆరంభించిరి. అది 1912 లో కట్టబడినది. తెరచాపలతో నడచుటకై హేస్టింగ్సులో కట్టిన కడపటి పడవలలో ఒకటి. దానిమీద 'ఆర్ ఎక్స్ 278' అను గుర్తు నేటికిని కలదు. హేస్టింగ్సు పడవలు పొరుగుననున్న రై అను రేవుపేర నమోదగును గనుక ఆ అక్షరములు వచ్చినవి. మందిరపు ద్వారమున ఆ పడవ పట్టదు. అందుచే గోడలో కొంతభాగము తీసి, పడవను లోనికి చేర్చి, గోడను మరల కట్టిరి. 1956 లో లండను నగరపు లార్డ్ మేయరు ప్రదర్శనశాలకు ప్రారంభోత్సవము చేసెను. గోడ తీయుటకు ఒప్పుకొన్ననాడే ఆ ప్రదర్శనశాల పుట్టినదని నేను తలంతును. మరల గోడ పగులగొట్టిన గాని ఆ పడవ బయటికి రాదు. ఊరివారు తమ సంకల్పమును తామే వెనుదీయుటకు వీలులేకుండ చేసికొనిరి. పడవచుట్టును ఇంటింటినుండియు వచ్చిన ఛాయాచిత్రములు, పడవల నమూనాలు, వలలు, పనిముట్లు చేరినవి. ప్రవేశమునకు రుసుము లేదు. చందాలు, విరాళములు, స్వచ్ఛంద సేవకుల శ్రమ, వీనితోనే అది ఇన్నాళ్ళు నడచుచున్నది.

స్కాట్లండు దేశమున ఫైఫ్ మండలములోని ఆన్‌స్ట్రథర్ అను రేవుపట్టణపువారి త్రోవ వేఱు. అచ్చట పూర్వము సెయింట్ ఐల్స్ అను పేర మధ్యయుగపు చిన్న దేవాలయమున్న స్థలమున, రేవున కెదురుగా, 1969 లో స్కాట్లండు జాలరివృత్తి ప్రదర్శనశాల తెరవబడినది. ఒక ఊరివారు పూనుకొని దేశమంతటి జాలరులకు ప్రదర్శనశాల కట్టుట సాహసమే. నేడు అచ్చటి వస్తుసంచయమునకు జాతీయప్రాముఖ్యము గలదని స్కాట్లండులో అధికారికముగ గుర్తింపు వచ్చినది.

వీరు పడవను గోడలనడుమ బంధింపలేదు. హెర్రింగు అనునది మన కవ్వళ్ళకు దాయాదియగు చేప. దానిని పట్టుటకై ఇరువదవ శతాబ్దారంభమున కట్టిన 'రీపర్' అను పడవ సుమారు 70 అడుగుల పొడవుగలది. ఫైఫ్ పేరుమీదనే అట్టి పడవలకు 'ఫైఫీ' అను పేరు వచ్చినది. అది షెట్లండు దీవులలో చేపలు పట్టి, ముదిమివేళ సామానులు మోసి, 1975 లో ఈ ప్రదర్శనశాలవారికి దక్కినది. స్వచ్ఛంద సేవకులు పడవసంఘముగా ఏర్పడి, కుళ్ళిన పలకలు మార్చి, తెరచాపలెత్తి, దానిని సముద్రముమీద నడిపిరి. ఇతర రేవులకు తీసికొనిపోయి చూపిరి. ఇందలి లాభము స్పష్టము. పడవను మరల నడుపవలెనన్న తెరచాప యెట్లెత్తవలెనో, ఏ ముడి ఎచ్చట వేయవలెనో ముసలివారిని అడిగి నేర్వక తప్పదు. ఖర్చును స్పష్టమే. నీట నున్న కొయ్యపడవకు మరమ్మతు ఎన్నడును ముగియదు.

2009 లో ఆ ప్రదర్శనశాలవారు మఱియొక కార్యము చేసిరి. 22 అడుగుల చిన్న తెడ్లపడవ యొకదానికి నమూనా గీయించి, పలకలను ముందుగనే కోసి యిచ్చు ఏర్పాటు గావించిరి. నలుగురు తెడ్లు వేయుదురు. ఒకరు చుక్కాని పట్టుదురు. పాతదేవాలయము పేరుమీదుగా దానికి సెయింట్ ఐల్స్ పడవ యని పేరిడిరి. తీరపు గ్రామములవారు ఒక్కొక్కరుగా గూడి తమ పడవను తామే కట్టుకొని పందెములు వేయనారంభించిరి. ఆ పడవలు స్కాట్లండు దాటి ఐరోపా, అమెరికా, ఆస్ట్రేలియాలకు గూడ ప్రాకినవి. చూచుటకు దాచిన వస్తువులనుండి చేతిపని మరల పుట్టుట కిది మంచి దృష్టాంతము.

ఆన్‌స్ట్రథర్‌లో నన్ను మిక్కిలి ఆకర్షించినది మాత్రము స్త్రీల పనికి వారిచ్చిన స్థానము. హెర్రింగు ఋతువున వందలాది పడుచులు చేపలగుంపుల వెంబడి షెట్లండు మొదలుకొని ఇంగ్లండులోని యార్మతు వఱకు రేవునుండి రేవునకు పోయెడివారు. ముగ్గురు ఒక జట్టు. ఇద్దరు చేప కడుపు కోయుదురు, ఒకరు ఉప్పుజల్లి పీపాలలో పేర్చుదురు. కత్తిగాటునకు ఉప్పు తగులకుండ వ్రేళ్ళకు గుడ్డపేలికలు చుట్టుకొనెడివారు. ఆ పేలికల వంటిది ఏ రాజుల ప్రదర్శనశాలలో నుండును? మనలోను వేటకు పోవువాడు పురుషుడు. చేపను ఎండబెట్టి, గంప నెత్తిన బెట్టుకొని, ఊరూర అమ్మి డబ్బు చేయునది స్త్రీ. గంపలేని జాలరి ప్రదర్శనశాల సగము అబద్ధమగును.

స్కాట్లండు తీరముననే ఐమౌత్ అను ఊరిలో ప్రదర్శనశాల దుఃఖమునుండి పుట్టినది. 1881 అక్టోబరు 14 వ తేదీన ఆకస్మికముగా వచ్చిన తుపానులో ఆ ప్రాంతపు జాలరులు 189 మంది మరణించిరి. వారిలో 129 మంది ఐమౌత్ వారే. కొందరు ఒడ్డుననున్న భార్యాబిడ్డల కన్నులయెదుటనే మునిగిపోయిరి. నూఱేండ్లు నిండినప్పుడు, 1981 లో, పాతచర్చి కట్టడమున ప్రదర్శనశాల తెరచిరి. అందలి ముఖ్యవస్తువు నాటిది కాదు. ఊరి స్త్రీలు కూర్చుండి కుట్టిన పెద్ద సూదిపని తెర అది. ఆ దుర్దినమునకు ఆనవాలుగా కుట్టినది. పడవ దొరకని ఊరు సూదిదారములతో ప్రదర్శనశాలను నిలిపినదన్నమాట.

ఇట్టి శాలలను నెలకొల్పువారు చేయు నిత్యకృత్యము ఏమనగా, ముందుగా ఒక పెద్ద పుస్తకము పెట్టుకొందురు. వచ్చిన ప్రతి వస్తువునకు సంఖ్య యిచ్చి, ఎవరిచ్చిరి, ఎవరు వాడిరి, దేనికి వాడిరి, ఊరిలో దాని పేరేమి అను సంగతులు వ్రాయుదురు. అదే సంఖ్యను వస్తువుమీద గూడ చెరిగిపోకుండ వేయుదురు. ఈ పుస్తకము లేనిచో పదేండ్లకు ఆ గది పాతసామానుల దుకాణమగును. దానమునకును ఎరవునకును భేదము పత్రముమీద తేల్చుకొనుట మఱొక ముఖ్యవిషయము. తాత ఇష్టముతో ఇచ్చిన లంగరును మనుమడు వచ్చి అడుగుట ఏ దేశమునైనను జరుగునదే. ఉప్పునీట నానిన ఇనుము బయట తుడిచినను లోపలి ఉప్పువలన తుప్పుపట్టుచునే యుండును. కొయ్య ఇంటిలోపల మిక్కిలి ఆరినచో బీటలువారును, బయట వానలో నుంచినచో కుళ్ళును. ఇవన్నియు తెలిసిన నిపుణుని సలహా ఆరంభముననే తీసికొనుట మేలు. ఛాయాచిత్రముల విషయమున తొందర యవసరము. చిత్రము నూఱేండ్లు నిలుచును గాని, అందున్నవారిని పేరుపెట్టి గుర్తింపగల వృద్ధులు నిలువరు.

మాటలనే ప్రధానముగా గైకొన్నవారును గలరు. అమెరికాలోని మసాచుసెట్సు రాష్ట్రమున న్యూ బెడ్‌ఫర్డ్ పెద్ద చేపలరేవు. అచ్చట 2004 లో మొదలైన రేవుపండుగలో జాలరులే వేదికనెక్కి తమ పనిని ప్రజలకు చూపి చెప్పెడివారు. వారి మాటలను యంత్రములతో పట్టి దాచిరి. ఆ పునాదిమీదనే 2016 లో జాలరివారసత్వ కేంద్రము వెలసినది. గోడలు తరువాత వచ్చినవి.

మాటను పట్టి దాచుట యెంత ప్రయోజనకరమో తెలుపుటకు మనదైన నిదర్శనమొకటి కలదు. ప్యాట్రిక్ రస్సెల్ అను స్కాట్లండు వైద్యుడు ఈస్టిండియా కంపెనీ కొలువున నుండి, విశాఖపట్టణపు ఒడ్డున దొరకు 200 చేపలకు చిత్రములు వ్రాయించి, వర్ణనలు కూర్చెను. ఆ గ్రంథము 1803 లో లండనులో వెలువడినది. ఆయన పెక్కు చేపలకు తానొక పేరు కల్పింపక, మన జాలరుల నోటనున్న పేరునే తనకు వినబడినట్లు వ్రాసికొనెను. పిమ్మట క్యువియే అను ఫ్రాన్సుదేశపు శాస్త్రజ్ఞుడు వానిలో 'కానగుర్త' అను పేరును శాస్త్రనామముగా గైకొనెను. నేటికిని ప్రపంచమంతటను శాస్త్రవేత్తలు ఆ చేపను 'రాస్ట్రెల్లిజర్ కానగుర్త' అనియే వ్యవహరించుచున్నారు. విశాఖ ఒడ్డున ఏ జాలరి ఆ మాట చెప్పెనో ఎవరికిని తెలియదు. మాట మాత్రము నిలిచినది.

ఇక మన తీరమునకు వత్తము. గంజాము మొదలు పూరీ వఱకు సముద్రపుటొడ్డున తెలుగు మాటలాడు జాలరికుటుంబములు అనేకములు గలవు. వీరిలో వాడబలిజలు ముఖ్యులు. ఒరియావారు వీరిని నోలియాలందురు. జగన్నాథదర్శనమునకు వచ్చి సముద్రస్నానము చేయు మన యాత్రికులు, తెల్లని మొనటోపీ ధరించి చేయిపట్టి అలలు దాటించు నోలియాలను ఎఱుగుదురు గాని, ఆ టోపీ క్రిందివాడు ఇంట తెలుగు మాటలాడునని ఎఱిగినవారు కొలదిమందియే. పూరీలోని పెంటకట అను జాలరిపేట తెలుగు పేటయే. 1936 ఏప్రిలు 1 వ తేదీన ఒరిస్సా ప్రత్యేకరాష్ట్రమై గంజాము చెన్నరాజధానినుండి అందు చేరినపుడు, పట్టణములలోని తెలుగువారి భాషావిషయమై చర్చలు విస్తారముగ జరిగినవి. ఒడ్డుననున్నవారి మాట ఆ చర్చలలో వినబడినది తక్కువ.

వీరి ప్రధానవాహనము తెప్ప. తేలికకొయ్య దుంగలను ఒకదానిప్రక్క నొకటి చేర్చి త్రాళ్ళతో కట్టినది. ఒడ్డు చేరగానే కట్లువిప్పి దుంగలను ఆరవేయుదురు, మరల వేటనాడు కట్టుదురు. అల పైన బడినను దుంగలసందున నీరు జారిపోవును గనుక తెప్ప మునుగదు. రెండవది కుట్టుపడవ; ఆంగ్లేయులు మసూలా అనిరి. మేకు ఒక్కటియు లేకుండ పలకలను కొబ్బరిపీచు త్రాళ్ళతో కుట్టుదురు. అల కొట్టినపుడు మేకుపడవ పగులును, కుట్టుపడవ వంగి ఓర్చుకొనును. చెన్నపట్టణమునకు రేవు కట్టకమునుపు దొరలును సరకులును ఒడ్డు చేరినది ఈ పడవలమీదనే. గోపాలపురమున ఆగు పొగయోడలకు ప్రయాణికులను చేర్చినదియు ఇవియే.

1979 లో చెన్నపట్టణము కేంద్రముగా ప్రారంభమైన బంగాళాఖాత కార్యక్రమమువారు ఒడ్డున దిగదగిన కొత్తపడవలను పరీక్షించిరి. క్రమముగా గాజునార పడవలు, వానికి యంత్రములు వచ్చినవి. దీనిని నేను తప్పుపట్టను. వేటకు పోవువానికి ప్రాణరక్షణయు రాబడియు ముఖ్యములు, మన ముచ్చట కాదు. కాని కొయ్యతెప్ప అరుదైపోయినది. కుట్టుపడవ కుట్టగల చేతులు మఱింత అరుదు. దీనికి తోడు 2013 అక్టోబరు 12 న ఫైలిన్ తుపాను గోపాలపురము దగ్గఱ తీరము తాకినది. 2019 మే 3 న ఫణి తుపాను పూరీకడ తాకినది. ఒడ్డునున్న పాతవస్తువులు దాచియున్నను దాచకున్నను తుపాను ఎంచి చూడదు.

ప్రభుత్వమువారు కటకమున జోబ్రాలో, పాత కాలువల కర్మాగారపు కట్టడములలో, ఒడిశా నౌకావ్యాపార ప్రదర్శనశాల నెలకొల్పినారు, అది చూడదగినది. కాని ఒక పేటలోని ఒక తెప్పకు ఏ త్రాడు ఎచ్చట బిగింతురో, వలకన్నును ఏ వ్రేలితో కొలుతురో వ్రాసికొనుట రాష్ట్రపు ప్రదర్శనశాల చేయు పని కాదు. అది పేటవారును, పేట పిల్లలకు చదువు చెప్పువారును చేయవలసినది. మా బడిలో జాలరిపిల్లలు 'వల' మీద వ్యాసము వ్రాయుమన్నపుడు పాఠ్యపుస్తకపు భాషలో నాలుగు పంక్తులతో ఆపుదురు. ఇంటిమాటలతో వ్రాయవచ్చునని చెప్పినచో రెండు పుటలు నింపుదురు. పోటు, పాటు, బెండు, అలివివల మొదలగు మాటలు వారికి నిఘంటువుతో పనిలేకయే వచ్చును. అవి గాక, వ్యాకరణము చదివిన మావంటివారమెన్నడును వినని మాటలును అందు వచ్చును. కొన్నిట ఒరియా కలిసియుండును. ఆ కలయికను దోషముగా దిద్దరాదని నా మనవి. అచ్చటనే మన వలసచరిత్ర కలదు.

ఈ పనికి తెలుగున మార్గము ముందే వేయబడియున్నది. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ పక్షమున భద్రిరాజు కృష్ణమూర్తిగారు మాండలిక వృత్తిపదకోశపు మొదటి సంపుటమును, వ్యవసాయపదములతో, 1962 లో ప్రకటించిరి; చేనేతపదముల సంపుటము 1971 లో వచ్చినది. పొలమునకును మగ్గమునకును పోయి, పనిచేయువాని నోటనుండి మాటను, ఊరిపేరుతో సహా వ్రాసికొనుట వారి పద్ధతి. హేస్టింగ్సువారి పుస్తకమునకును ఈ కోశమునకును పద్ధతిలో భేదము స్వల్పమే. ఒకటి వస్తువుతో మొదలిడి పేరు అడుగును, రెండవది పేరుతో మొదలిడి వస్తువును అడుగును.

కావున మన సంఘములు కట్టడమునకు చందాలు పోగుచేయుటతో ఆరంభింపవలదని నా అభిప్రాయము. కట్టడపు చందా సగములో నిలిచిపోవుట మనము పలుమార్లు చూచితిమి. ఒక కొయ్యతెప్పను, పేటవారే ఎంచి యిచ్చినదానిని, న్యాయమైన వెలకు కొని, పేటలోనే పైకప్పు వేసి నిలుపవచ్చును. కట్టగల వృద్ధునిచేత ఏటేట ఒకమారు కట్లు విప్పించి మరల కట్టించుచు, పిల్లలచేత చూపించవచ్చును. దానికాతనికి కూలి ఇయ్యవలెను. సేవ పేరుతో ఉచితముగా చేయించుట ధర్మము గాదు. తెప్ప ఎవరిదనునది పేట పెద్దలును, చేపలమ్ము స్త్రీలును గూడిన సంఘము పేర పత్రములో వ్రాసికొనవలెను. ఆ వృద్ధుడు కట్లు కట్టుచు పలుకు మాటలను ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు తెలుగులిపిలో, తాము వినినది వినినట్లు, చీటికొక మాటగా వ్రాసి తెత్తురు. చీటిమీద పేట పేరు, తేదీ, చెప్పినవారి వయస్సు ఉండవలెను. రెండేండ్లలో జమయగు చీట్లు ఉంచుటకు సంఘ కార్యాలయమున ఒక ఇనుపబీరువా చాలును. అది తుపానునీరు రాని మెట్టమీద నుండవలెను.